ఎమోజి లిపియు నక్షరాస్యతయు

అక్షరాస్యుఁ డెవఁడు? ఏడేండ్లు నిండి, యే భాషయందైనను నర్థజ్ఞానముతోఁ జదువను వ్రాయను నేర్చినవాఁ డని మన జనాభాగణనము నిర్వచించుచున్నది. కాని నేఁడు వాట్సాప్ మొదలగు సామాజికమాధ్యమములందలి జాబులలో నక్షరములతోడ బొమ్మలును, గంఠధ్వనులును, జలచ్చిత్రఖండములును గలసి నడచుచున్నవి. దృశ్య శ్రవ్యాంగిక స్థానవిన్యాసముల నర్థముచేసికొనుటయు నక్షరాస్యతలోఁ జేర్పవలయునని యీ మాధ్యమములకు ముందే, 1996లో, న్యూ లండన్ గ్రూపు అను విద్వద్బృందము ప్రతిపాదించెను. ఈ వాద మెంతవఱకు నిలుచునో యెమోజి నుదాహరణముగాఁ గొని విమర్శింతము.

ఎమోజిశబ్ద మాంగ్లమునందలి ఎమోషన్ శబ్దమునుండి పుట్టినదని పలువురు తలంతురు. అది సరిగాదు. జపానుభాషలో ‘ఎ’ యనఁగాఁ జిత్రము. ‘మోజి’ యనఁగా లిపివర్ణము. 1999లో శిగెతక కురిత ఎన్.టి.టి. డొకొమొ సంస్థకై యిట్టి 176 బొమ్మలను గల్పించెను. 1991లోఁ దెలుఁగువర్ణములకు సంఖ్యలిచ్చిన యూనికోడు 2010లో నెమోజీలకును సంఖ్యలిచ్చెను. 2015లో ఆక్స్‌ఫర్డు నిఘంటుకారు లానందబాష్పముల ముఖమును నాయేటి పదముగా నెన్నుకొనిరి.

ఇచటనే వైయాకరణునకు శంక గలుగును. సంఖ్య యిచ్చినమాత్రమున బొమ్మ వర్ణమగునా? ఎన్నుకొన్నమాత్రమునఁ బదమగునా? సుబంతము గాని తిఙంతము గాని పదమని పాణినిమతము. అవ్యయమునకువలె విభక్తిలోపమును గల్పింత మన్నను, నియతమైన యుచ్చారణమే లేనిదానికి శబ్దత్వము సిద్ధింపదు.

దీనికిఁ బరీక్ష యొకటి జరిగియున్నది. మెల్విల్ రచించిన ‘మోబీ డిక్’ నవలను ఫ్రెడ్ బెనెన్సన్ ఎమోజీలలోనికి మార్పించి 2010లో ‘ఎమోజి డిక్’ అనుపేరఁ బ్రకటించెను. సుమారు 10,000 వాక్యములలో నొక్కొక్కదానిని మూఁడుమాఱులు కూలివారిచేఁ బరివర్తింపించి, వానిలో మేలైనదాని నోటులచే నిర్ణయించిరి. భాషాంతరీకరణములు నొండొంటితోఁ గలియవు గదా యందురేని, అవి మూలము లేకయే చదువఁబడును. ఈ గ్రంథమునందో చిత్రపంక్తులకుఁ దోడుగా నాంగ్లవాక్యముల నచ్చొత్తవలసివచ్చెను. కర్తృకర్మసంబంధమును, గాలభేదమును నేర్పఱచు సాధన మా బొమ్మలకు లేదు.

అట్లని బొమ్మలు నిరర్థకములని త్రోసివేయు పండితులతోను నే నేకీభవింపను. శబ్దప్రయోగము లేకయే కనుగీఁటుచేతను, జేతికదలికచేతనుఁ బెక్కర్థములు దెలియునని పతంజలియే సమర్థసూత్రభాష్యమున నంగీకరించెను. మమ్మటుఁడు కావ్యప్రకాశమున వ్యంజనకు సహకారులైనవానిలోఁ గాకువును, జేష్టను జేర్చెను. ‘మీరు చేసిన యుపకారము మఱవరానిది’ అని వ్రాసి, చెంతఁ గనుగీఁటు ముఖమును నిలిపినచో నిందయే వ్యంగ్యమగును. ఎదుటివాని కంఠమునుండియు, ముఖమునుండియుఁ దెలియవలసినది వ్రాఁతలో లోపింపఁగా, నీ బొమ్మ దానిని బూరించుచున్నది. కావున నెమోజి వ్యంజకము, వాచకము గాదు.

ఈ భేదమును మఱచుటవలన బాలురకు హాని గలదు. వాక్యమును జదువలేక, నవ్వుమొగమును జూచి మాత్రమే జాబు శుభవార్త యని గ్రహించినవాని నక్షరాస్యుఁడని లెక్కించితిమేని, రేపు ఋణపత్రమునందలి షరతును, మందుసీసాపై మోతాదును వానికిఁ జదివిపెట్టువారెవరు? పైయుదాహరణమునందు సైతము వాక్యార్థము దెలియనివానికి నింద స్ఫురింపదు. కావునఁ జిత్రార్థగ్రహణ మక్షరాస్యతకుఁ బైమెట్టే కాని, దానికి బదులు గాదు. ఉపాధ్యాయులు మున్ను వాక్యమును జక్కఁగాఁ జదివించి, పిదపఁ గాకుచేష్టలను బోధించునపుడు బాలు రెఱిఁగిన యీ బొమ్మలనే యుదాహరించుట యుక్తము. విజ్ఞు లీ విషయమును బరిశీలింతురు గాక.