విప్పకుండా చూసే విద్య

“డేటా కావాలా, డిస్క్ కావాలా?”

లాప్‌టాప్‌కు తగిలించినా పలకని ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌ను బల్ల మీద పెట్టగానే, పని తెలిసిన మెకానిక్ ముందు అడిగే మాట ఇది. డిస్క్ ఒక్కటే కావాలంటే ఫార్మాట్ కొట్టి చూసుకోవచ్చు. డేటా కావాలంటే ఆ ఫార్మాట్ జోలికే పోకూడదు. సంగారెడ్డి జిల్లా కల్హేర్ లాంటి మండల కేంద్రంలో పెళ్లిళ్ల వీడియోలు తీసే స్టూడియోవాళ్లను ఈ మాట అడిగితే జవాబు చెప్పనక్కర్లేదు. డిస్క్ ఇంకోటి కొనొచ్చు, జరిగిపోయిన పెళ్లిని మళ్లీ షూట్ చేయలేరు కదా!

పట్నం దూరం కాబట్టి ఇలాంటి చోట మొదటి మెకానిక్ పనితనానికి విలువ ఎక్కువ. నారాయణఖేడ్‌లో కుదరకపోతే హైదరాబాద్ పోవాలి. వంద కిలోమీటర్లు దాటిన దారి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా తీసుకెళ్లినా, ఇక్కడ చెడిపోయింది అక్కడ బాగుపడుతుందన్న భరోసా లేదు. అందుకే ఈ పనికి ఒక వరుస ఉంది. హాని చేయలేని పరీక్షలు ముందు, హాని చేయగలవి ఆఖరున. ఈ వరుస తప్పకపోవడంలోనే నేర్పంతా ఉంది.

“కింద పడిందా? ఎవరైనా ఏమైనా నొక్కారా?” అని అడిగాక చేయి ముందు కేబుల్ మీదికి పోతుంది. చాలా పోర్టబుల్ డిస్క్‌లకు వెడల్పాటి మూతి ఉంటుంది, పక్కపక్కనే రెండు అరలతో. యూఎస్‌బీ 3.0 మైక్రో-బి అంటారు. పెద్ద అరలో 5 పిన్నులు, చిన్న అరలో 5. కేబుల్‌ను రోజూ పీకి పెడుతుంటే ఈ మూతి వదులవుతుంది, లోపల పిన్ను వంగుతుంది. మెకానిక్ టార్చ్ వేసి పిన్నులు చూస్తాడు, కొత్త కేబుల్ పెడతాడు. దానికీ డిస్క్ పలకకపోతే ఒక చిట్కా ఉంది. పాత ఫోన్లకు వచ్చిన మైక్రో యూఎస్‌బీ డేటా కేబుల్ ఆ పెద్ద అరలో చక్కగా కూర్చుంటుంది. దానితో డిస్క్ పలికిందంటే కరెంటు, పాత 2.0 దారి బాగానే ఉన్నాయి, 3.0 దారిలోనే తేడా ఉంది. కాపీ నెమ్మదిగా సాగుతుంది కానీ డేటా చేతికొస్తుంది. అయితే ఛార్జింగ్‌కే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. ఆ సంగతి తెలియనివాడు మంచి డిస్క్‌ను కూడా చచ్చిందనేస్తాడు.

తర్వాత కరెంటు సంగతి. చిన్న డిస్క్‌కు విడిగా అడాప్టర్ ఉండదు, పోర్ట్ ఇచ్చిందే తీసుకోవాలి. యూఎస్‌బీ 2.0 పోర్ట్ లెక్క ప్రకారం 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, 3.0 అయితే 900. మోటార్ కదిలే ఆ మొదటి క్షణాల్లోనే డిస్క్‌కు ఎక్కువ కావాలి. హబ్‌లో పెట్టినప్పుడు లైటు వెలిగి ఆరిపోయే డిస్క్, లాప్‌టాప్ పోర్ట్‌లో నేరుగా పెడితే లేచి కూర్చోవడం అందుకే.

కంటితో అయ్యాక చెవితో. ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చే ఘట్టం ఇది. చాలా పోర్టబుల్ డిస్క్‌ల లోపలి పళ్లెం నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. ఆ పళ్లెం అంచు పల్లెవెలుగు బస్సు వేగంతో, గంటకు 60 కిలోమీటర్లకు పైగా పోతుంటే, చదివే హెడ్ దానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. అంత సున్నితమైన చోట ఏం జరుగుతోందో మెకానిక్ మూత తీయకుండా చెబుతాడు. డిస్క్‌ను అరచేతిలో కదలకుండా పట్టుకుని చెవికి దగ్గరగా పెట్టుకుంటాడు. సన్నటి హోరు నిలకడగా ఉంటే మోటార్ బాగున్నట్టే, వెతకాల్సింది మిగతా చోట. చప్పుడూ అదురూ రెండూ లేకపోతే అనుమానం బోర్డు మీద. కీచుమని ఆగి ఆగి వస్తుంటే హెడ్ పళ్లానికి అతుక్కుని మోటార్ తిరగలేకపోతున్నదేమో. ఒకే లయలో టక్, టక్ అని కొడుతుంటే హెడ్ తన గుర్తులు చదవలేక వెనక్కి పోయి మళ్లీ మళ్లీ వస్తోంది. ఆ చప్పుడు వినగానే కేబుల్ పీకేస్తాడు. “ఇంకోసారి చూద్దాం” అనడు. ఒక్కో చుట్టుకు పళ్లెం మీద గీతలు పడే ప్రమాదం ఉంది.

చెవి పరీక్షలో నెగ్గిన డిస్క్‌నే స్క్రీన్ మీద చూడాలి. ‘దిస్ పీసీ’లో కనిపించకపోతే చాలామంది అక్కడే ఆగిపోతారు. మెకానిక్ డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ముందు సైజు చూస్తాడు. 1 టీబీ డిస్క్ 931 జీబీ అని కనబడితే డిస్క్ తనెవరో సరిగ్గానే చెప్పుకుంటోందని అర్థం. డ్రైవ్ లెటర్ లేకపోవడమే జబ్బయితే ఒక అక్షరం ఇస్తే చాలు, పని ముగిసింది. ‘రా’ (RAW) అని ఉండి, ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగితే క్యాన్సిల్. ఇనిషియలైజ్ చేయమంటే దానికీ క్యాన్సిలే. చెక్‌డిస్క్ కొట్టడానికీ తొందరపడడు. అది బాగు చేసే పేరుతో డిస్క్ మీద రాస్తుంది, కొన ఊపిరితో ఉన్న డిస్క్‌కు ఆ రాతే ముప్పు.

ఆ తర్వాత డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే చెప్పుకునే స్మార్ట్ రిపోర్ట్ చూస్తాడు. 05, సీ5 వరసల్లో అంకెలు పెరుగుతుంటే సెక్టార్లు పాడవుతున్నాయి, ముందు కాపీ తీయాలి. ఇక్కడ చేతికొచ్చే పనిముట్టు జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన ఉచిత ప్రోగ్రాం. మామూలు కాపీ చెడ్డ చోట తట్టుకుని అక్కడే వేలాడుతుంది. ఇది చెడ్డ చోటు తగలగానే దాటిపోయి, సులభంగా వచ్చేదంతా ముందు తెచ్చేసుకుంటుంది. వదిలేసినవాటిని ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుని, వాటి దగ్గరికి చివర్లో తిరిగొచ్చి అంచుల నుంచి కొంచెం కొంచెంగా గీకుతుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ ఫైల్ చూసుకుని ఆగిన చోటు నుంచే అందుకుంటుంది. దీన్ని రాసినవాడికి మెకానిక్ మనసు తెలుసు. కాపీ ఇంకో డిస్క్ మీదికి చేరాక, క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటి వాటితో ఫైళ్లు వెతికే పనంతా ఆ కాపీ మీదే. అసలు డిస్క్‌ను ఇక ముట్టుకోరు.

మిగిలింది బోర్డు, మూత. ఇదే మోడల్ బోర్డు తెచ్చి మార్చేస్తే పోలేదా అని అడిగేవాళ్లుంటారు. ఇప్పటి డిస్క్‌లలో ఆ డిస్క్ హెడ్‌లకు సరిపోయే కొలతలు బోర్డు మీది చిన్న చిప్‌లో ఉంటాయి. ఆ చిప్‌ను కూడా ఊడదీసి కొత్త బోర్డుకు అతికించకపోతే మార్చిన ఫలితం దక్కదు. కొన్ని పోర్టబుల్ డిస్క్‌లు డేటాను బోర్డులోనే ఎన్‌క్రిప్ట్ చేస్తాయి. అలాంటివాటిని పెట్టెలోంచి తీసి వేరే దారిలో కలిపినా వచ్చేది అర్థం కాని చెత్తే. మూత సంగతి సరేసరి. ఒక్క మైక్రాన్ దుమ్ము కణం కూడా హెడ్ తేలే ఎత్తుకు వంద రెట్ల పైమాటే. క్లీన్ రూమ్ ఉన్న ల్యాబ్‌లో తప్ప ఆ స్క్రూలకు స్క్రూడ్రైవర్ తగలకూడదు.

అందుకే టక్ టక్ డిస్క్ వచ్చినప్పుడు మంచి మెకానిక్ “ఇది నాతో కాదు, ల్యాబ్‌కు పంపండి, ఈలోపు ఎక్కడా తగిలించకండి” అని తిరిగిచ్చేస్తాడు. ఏమీ చేయలేదు కదా అని అతణ్ని తేలిగ్గా తీసేయొద్దు. ల్యాబ్‌వాళ్లకు పని మిగిలిందంటే అది అతని చలవే. చూడకుండానే “ఫార్మాట్ కొడితే సెట్ అయితది” అన్నవాడి చేతిలోంచి మాత్రం డిస్క్‌ను వెంటనే వెనక్కి తీసుకోండి.