స్నాతకోత్సవంలో స్నానం ఎవరిది?

మార్చి నెలలో నర్సీపట్నం చుట్టుపక్కల తోటల్లో జీడిపిక్కలు రాలుతుంటాయి. అదే నెలలో డిగ్రీ కాలేజీల్లో ఫైనలియర్ పిల్లలకి ఫేర్‌వెల్ పార్టీలు మొదలవుతాయి. గొలుగొండ, రోలుగుంట, మాకవరపాలెం పేటల నుంచి వచ్చే మాల మాదిగ పిల్లలు, పైన చింతపల్లి, కొయ్యూరుల నుంచి దిగి వచ్చే ఆదివాసీ పిల్లలు ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. రోజు కూలి వదులుకుని, ఎదురు చందా కట్టి సంబరానికి రావాలా? తోటకి పోయి పిక్కలేరాలా? పార్టీ అయిపోయాక తీసిన గ్రూప్ ఫోటోలో ఎవరెవరు లేరో ఎవరూ లెక్కపెట్టరు.

నేను లెక్కపెట్టాను. అక్కడొక డిగ్రీ కాలేజీలో కొన్నాళ్లు గెస్ట్ లెక్చరర్‌గా పాఠం చెప్పాను. ఏ కాలేజీ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఏ కాలేజీకైనా పెద్ద తేడా లేదు. నా క్లాసులో ఆరో సెమిస్టరు చదివేవాళ్లు నలభై ఒక్కమంది. ఫోటోలో ఉన్నది ఇరవై ఆరుగురు. లేని పదిహేనుమందిలో పదమూడుగురు ఎస్సీ, ఎస్టీ పిల్లలు. వాళ్లని రావద్దని ఎవరూ అనలేదు. అనక్కర్లేదు కూడా. మనిషికి మూడొందలు చందా, అమ్మాయిలకి పట్టుచీర, అబ్బాయిలకి తెల్లపంచె. దీని పేరు 'ట్రెడిషనల్ డే'. ఎవరి ట్రెడిషన్ అని అడిగితే నవ్వేస్తారు, 'మీరు ప్రతిదాంట్లో కులం తెస్తారు సార్' అంటారు. నేను తేనవసరం లేదు. నాకంటే ముందే అది ఇస్త్రీ చేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది.

కార్యక్రమం జ్యోతి ప్రజ్వలనతో మొదలైంది. తర్వాత సరస్వతీ ప్రార్థన. ప్రభుత్వం డబ్బుతో చదివే పిల్లలున్న చోట, రకరకాల మతాల వాళ్లున్న చోట, ఇది మత కార్యక్రమం అని ఎవరికీ తోచదు, 'మన సంస్కృతి' అంతే. సావిత్రీబాయి ఫూలే పటం ఆ గదిలోనే ఉంది, బెంచీల వెనకాల గోడకి. జనవరి 3న దండ వేసి అక్కడే వదిలేశారు. ఎండిన దండ ఇంకా దానికే ఉంది.

ఇక థింసా. ఉత్తరాంధ్రలో ఏ కాలేజీ డే అయినా థింసా లేకుండా జరగదు. ఆ రోజు కూడా ఎనిమిదిమంది అమ్మాయిలు ఒకరి నడుము ఒకరు పట్టుకుని ఆడారు. అద్దెకి తెచ్చిన చీరలు, అద్దెకి తెచ్చిన పూసలు. టౌన్ నుంచి వచ్చిన డాన్స్ మాస్టారు పదిహేను రోజులు నేర్పాడు. ఆ ఎనిమిదిమందిలో చింతపల్లి పిల్ల ఒక్కతీ లేదు. పుట్టినప్పట్నించి ఆ ఆట ఆడినవాళ్లు వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. తర్వాత ఒకమ్మాయిని అడిగాను, 'నువ్వెందుకు ఆడలేదమ్మా' అని. 'మాది స్టెప్పు కలవలేదన్నారు సార్' అంది. ఆటా వాళ్లదే, తప్పు స్టెప్పూ వాళ్లదే! ఆధిపత్య సంస్కృతి గురించి మనం రాసే పెద్ద పెద్ద వ్యాసాలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయనిపించింది నాకు.

పిల్లల్ని తప్పుపట్టలేం. ఈ సంబరాన్ని వాళ్లు కనిపెట్టలేదు. సినిమా చూసి నేర్చుకున్నారు. 2007 అక్టోబర్‌లో శేఖర్ కమ్ముల 'హ్యాపీడేస్' వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు, ర్యాగింగు, స్నేహాలు, ప్రేమలు, ఆఖర్న కన్నీళ్లతో వీడ్కోలు. ఆ తర్వాత తెలుగునాట ఫేర్‌వెల్ అంటే ఆ సినిమాలో వీడ్కోలులా ఉండాలి అన్నట్టయింది. పాటలు, బట్టలు, ఒకరినొకరు పట్టుకుని ఏడవడం, అన్నీ అందులోవే. సినిమా బాగా తీశాడు, కాదనను. ఆ వయసు పిల్లల మాటతీరు, బెరుకు, అల్లరి పట్టుకోవడంలో అంతకుముందు వచ్చిన కాలేజీ సినిమాలకంటే ఎంతో నిజాయితీ ఉంది. కాని ఆ కాలేజీలో కులం ఎక్కడా కథని కదిలించదు. స్కాలర్‌షిప్ రాలేదని ఎవరికీ మెస్ ఆగదు. సంక్షేమ హాస్టల్ నుంచి వచ్చినవాడు ఆ స్నేహబృందంలో లేడు.

అదే కాలంలో దేశంలో ఏం జరుగుతోందో గుర్తు చేసుకోండి. 2006లో కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీ రిజర్వేషన్లకి వ్యతిరేకంగా మెడికల్ విద్యార్థులు రోడ్డెక్కారు. 2007 మార్చిలో సుప్రీంకోర్టు ఆ కోటాపై స్టే ఇచ్చింది. 2008 ఏప్రిల్‌లో గాని కోటా చెల్లుతుందని తేల్చలేదు. అంటే క్యాంపస్‌లో ఎవరుండాలి అని దేశమంతా కొట్టుకుంటున్నప్పుడు, ఆ ప్రశ్నే లేని క్యాంపస్‌ని తెరమీద చూసి మనమందరం ఏడ్చాం. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు అబద్ధం కాదు. కాని ఆ కథలో నేనెక్కడున్నానని అప్పుడు వెతుక్కోలేదు.

కాలేజీల్లో ఫేర్‌వెల్ అయితే యూనివర్సిటీలో స్నాతకోత్సవం. నర్సీపట్నం కాలేజీలు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కిందివి. 1926లో కట్టమంచి రామలింగారెడ్డి మొదటి వైస్ ఛాన్సలర్‌గా మొదలైన విశ్వవిద్యాలయం అది, వందేళ్ల చరిత్ర. స్నాతకోత్సవం విశాఖపట్నంలో ఆయన పేరు పెట్టిన హాల్లో జరుగుతుంది. నర్సీపట్నంలో బి.ఎ. చదివిన పిల్ల ఆ హాలు చూడదు. డబ్బు కట్టి దరఖాస్తు పెడితే డిగ్రీ 'ఇన్ ఆబ్సెన్షియా' వస్తుంది. మనిషి లేకపోయినా పట్టా ఇచ్చాం అని అర్థం. హాజరు లేనివాళ్లుగా పట్టా పుచ్చుకోవడం మనకి కొత్త కాదులెండి.

అసలా మాటనే చూడండి. స్నాతకుడంటే స్నానం చేసినవాడు. ఉపనయనమై, గురువు దగ్గర వేదం చదివి, బ్రహ్మచర్యం ముగించి, సమావర్తనం నాడు స్నానం చేసి ఇంటికి పోయేవాడు. ధర్మశాస్త్రాలు ఉపనయనాన్ని పై మూడు వర్ణాలకే ఇచ్చాయి. ఉపనయనం లేనివాడికి వేదాధ్యయనం లేదు, అది లేనివాడికి ఈ స్నానం లేదు. శూద్రుడికి లేనిది, ఊరిబయట ఉన్నవాడికి అసలే లేనిది, అదే ఈనాడు మన పట్టాల పండగకి పేరైంది. ఇంగ్లీషులో కాన్వొకేషన్ అంటే పిలిచి సమావేశపరచడమే. తెలుగులోకి తెచ్చినవాళ్లు దానికి జంధ్యం వేశారు. చెరువులో దిగనివ్వని మనుషులకి స్నానోత్సవం! తెలుగు పండితుల్లో ఈ మాట గొంతుకి అడ్డంపడ్డవాళ్లు ఎంతమందో నాకు తెలీదుగాని, మన పిల్లలు అది పలికేటప్పుడు మాత్రం తడబడటం చూశాను. ఆహ్వానపత్రం మీద 'పట్టాల పంపిణీ' అని రాస్తే వచ్చే నష్టమేమిటి? రేషన్ పంపిణీలా ఉంటుందనా?

మాటమీద లేని గొడవ గౌను మీద ఉంది. 2010లో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేష్ భోపాల్‌లో ఒక స్నాతకోత్సవంలో గౌను విప్పేసి, ఇది వలసపాలన నాటి అనాగరిక అవశేషం అన్నారు. 2019లో యు.జి.సి. చేనేత వస్త్రాలతో చేసిన దుస్తులు వాడమని విశ్వవిద్యాలయాలకి రాసింది. చేనేత పనివాళ్లకి నాలుగు మీటర్ల గుడ్డ అమ్ముడుపోతుందంటే మంచిదే, దానికి అడ్డం చెప్పను. కాని వలస గౌను పోయి దేశీ కండువా వస్తే విముక్తి వచ్చేసిందన్నట్టు మాట్లాడేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ నల్లగౌను మన పేటల్లో ఇంకో అర్థం తెచ్చుకుంది. 1952 జూన్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం బాబాసాహెబ్‌కి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1953 జనవరి 12న ఉస్మానియా ఇచ్చింది. గౌనులో ఉన్న ఆయన బొమ్మ గుడిసెల్లో, హాస్టల్ గదుల్లో వేలాడుతుంది. మీకు ఆ గౌను బానిసత్వం గుర్తు కావచ్చు. మాకు మాత్రం మావాడు ఒకడు వేసుకున్న బట్ట. మీరు వందేళ్లు వేసుకుని, విసుగొచ్చి విప్పేసే సమయానికి మా పిల్లలు తొడుక్కోవడం మొదలుపెట్టారు. ఈ తొందర ఇప్పుడెందుకు వచ్చిందో ఆలోచించాలి.

చదువు పండగ అంటే ఏమిటో చెప్పే సంఘటన ఒకటుంది. 'బుద్ధుడు - అతని ధమ్మం' కోసం 1956 ఏప్రిల్‌లో రాసిన ముందుమాటలో బాబాసాహెబే చెప్పుకున్నారు. ఆయన ఇంగ్లీషు నాలుగో తరగతి పాసయినప్పుడు కులపువాళ్లు సభ పెట్టి సన్మానం చేస్తామన్నారు. మిగతా కులాల చదువుతో పోలిస్తే అది పండగ చేసుకునేంత విషయమేం కాదు, కాని ఆ కులంలో అంతదాకా వచ్చిన మొదటి పిల్లాడు తనే అని ఆయన రాస్తారు. తండ్రి రాంజీ ఒప్పుకోలేదు. పరీక్ష ఒకటి పాసయ్యాడు, అంతేగా, సన్మానమంటే కుర్రాడి తలకెక్కుతుందన్నాడు. అప్పుడు జనం వెళ్లి దాదా కేలుస్కర్‌ని పట్టుకున్నారు. ఆయన వచ్చి నచ్చజెప్పి, సభకి తానే అధ్యక్షత వహించి, తాను రాసిన బుద్ధుడి జీవితచరిత్ర పిల్లాడి చేతిలో పెట్టాడు. ధనంజయ్ కీర్ రాసిన జీవితచరిత్రలో ఇదే సభ 1907 మెట్రిక్యులేషన్ తర్వాతదని, అధ్యక్షుడు ఎస్.కె. బోలే అని ఉంటుంది. తరగతి మీద, అధ్యక్షుడి మీద తేడా ఉన్నా, సభ పెట్టింది స్కూలు కాదు అన్నదాంట్లో తేడా లేదు. వేరేగా కూర్చోబెట్టిన స్కూలు ఆ పిల్లాడికి పండగ చేయలేదు. చేసింది వాడ. ఆ పండగలో ఇచ్చిన పుస్తకం ఎక్కడిదాకా నడిపించిందో 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లోకం చూసింది.

ఆ సభలో మిస్టర్ ఫేర్‌వెల్ లేడు. చందా లెక్కా లేదు. కాని రాంజీ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయకూడదు. మన ఇళ్లలో తల్లిదండ్రులు ఇప్పటికీ ఆ మాటే అంటారు. మాకవరపాలెం దగ్గర ఒక తల్లి నాతో, 'పండగేటి బాబూ, ముందు ఆ కాయితం చేతికి రానీ' అంది. ఆమె మాటలో సంబరంమీద కోపం లేదు. ముందు ఏం జరగాలో ఆమెకి తెలుసు.

ఆ కాయితం సంగతి తెలియనివాళ్లకి చెప్పాలి. దళిత విద్యార్థులకి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది, బాబాసాహెబ్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఉన్న రోజుల్లో. మన రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ 2000ల చివర్లో విస్తరించింది. 2020లో 'జగనన్న విద్యాదీవెన' పేరుతో ఆ డబ్బు తల్లుల ఖాతాల్లో పడేట్టు మార్చారు. 2024లో ప్రభుత్వం మారింది, పద్ధతీ మారింది. పేరు ఏదైనా, డబ్బు ఆలస్యమైనప్పుడల్లా ప్రైవేటు కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేయడం మాత్రం మారలేదు. బాకీ ప్రభుత్వానిది, తాకట్టు పిల్లది. ఫేర్‌వెల్ వేదికమీద 'మీ భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలి' అని దీవించిన చెయ్యే మర్నాడు ఆ తాళం వేస్తుంది.

వేదిక అంటే గుర్తొచ్చింది. 2016 జనవరి 17న రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చనిపోయాడు. అతనితోపాటు సస్పెండైన నలుగురిలో వేల్పుల సుంకన్న ఒకడు. ఆ అక్టోబర్‌లో స్నాతకోత్సవం జరిగింది. సుంకన్న పిహెచ్.డి. పట్టాకోసం వేదిక ఎక్కాడు, వైస్ ఛాన్సలర్ అప్పారావు చేతిమీదుగా తీసుకోనన్నాడు. వి.సి. పక్కకి తప్పుకోవలసి వచ్చింది, ప్రో వైస్ ఛాన్సలర్ పట్టా ఇచ్చారు. ఇది చాలామంది బహిష్కరణగా రాశారు. నాకలా అనిపించదు. బహిష్కరించాలంటే రాకుండా ఉండొచ్చు, ఇన్ ఆబ్సెన్షియా తీసుకోవచ్చు. అతను వచ్చాడు. పట్టా నాది, వేదిక నాది, ఆ చెయ్యి మాత్రం నాకొద్దు అన్నాడు. సంబరాన్ని వదిలేసి పోవాలా, లోపలికెళ్లి కొట్లాడాలా అని మనవాళ్లు హాస్టళ్లలో రాత్రిళ్లు వాదించుకుంటుంటారే, ఆ వాదనలో సుంకన్న చేసిన పనిని మనం సరిగ్గా చదవలేదు.

మన సంబరాల్లోనూ లోపాలున్నాయి, దాచుకోవడం దేనికి? ఇప్పుడు పేటల్లో పిల్ల డిగ్రీ పాసైతే యువజన సంఘం ఫ్లెక్సీ కడుతుంది. స్టూడియోలో అద్దె గౌనులో తీసిన ఫోటో, పక్కన బాబాసాహెబ్. నూరేళ్ల కిందటి బొంబాయి సభకి ఇది మనవరాలే. కాని ఫ్లెక్సీలో సగం పార్టీ నాయకుల మొహాలు. కొడుక్కి కట్టినంత తొందరగా కూతురికి కట్టరు. మాల పేటలో కట్టింది మాదిగ పేటలో కనపడదు, రెల్లి వీధిలో అసలు కట్టడానికే ఎవరూ పాసవలేదంటారు. 1994 దండోరా అడిగిన ప్రశ్న ఇదే. 2025లో ఆంధ్రప్రదేశ్ వర్గీకరణలో రెల్లి సమూహానికి ఒక శాతం అని తేల్చారు. ఆ రోజు నేను చూసిన ఫేర్‌వెల్ అయ్యాక, రాత్రి కాగితం ప్లేట్లు ఏరి, రంగు కాగితాలు ఊడ్చినవాళ్లిద్దరూ రెల్లివాళ్లే. వాళ్లలో ఒకామె కూతురు ఆ కాలేజీలోనే ఫస్టియర్. వచ్చే ఏడు చందా అడిగేవాళ్లు ఆ పిల్లని ఎక్కడ నిలబెడతారో చూడాలి.

స్టెప్పు కలవలేదన్న ఆ చింతపల్లి అమ్మాయి బి.ఎస్సీ. ఫస్ట్ క్లాసులో పాసైంది. వాళ్ల ఊళ్లో ఫ్లెక్సీ కట్టలేదుగాని, ఊరంతా కలిసి రాత్రి థింసా ఆడారట. ఫోన్ చేసి చెప్పింది. సర్టిఫికెట్ గురించి అడిగితే, మూడుసార్లు కిందకి దిగి వచ్చానని, ఇంకా ఇవ్వలేదని, మళ్లీ సోమవారం రమ్మన్నారని చెప్పింది.