'బెపారి' అర్థ పరిణామం: న్యెరేరే వారసత్వంపై ఒక పునఃపరిశీలన

టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరేను అంచనా కట్టేవారు 1967 నాటి అరూషా ప్రకటనను, 'ఉజమా' గ్రామాల వైఫల్యాన్ని, 1985లో ఆయన స్వచ్ఛందంగా అధ్యక్ష పదవిని వీడటాన్ని ప్రస్తావిస్తారు. ఆయన అనువాదకుడన్న సంగతి ఈ చర్చలో కేవలం ఉపాఖ్యానంగా మిగిలిపోయింది. నిజానికి ఆయన రాజకీయ దృష్టిలోని బలమూ బలహీనతా అక్కడే స్పష్టంగా కనిపిస్తాయి.

షేక్‌స్పియర్ నాటకం 'మర్చంట్ ఆఫ్ వెనిస్'ను ఆయన 1969లో 'మబెపారి వా వెనిసి' పేరుతో స్వాహిలీలోకి తెచ్చారు. ఇందులోని 'బెపారి' తెలుగువారికి పరాయి మాట కాదు. సంస్కృతం నుంచి తెలుగు 'వ్యాపారి'ని గ్రహించినట్లే గుజరాతీ 'వేపారి'ని రూపొందించుకుంది. వర్తకుల వెంట సముద్రం దాటిన ఆ మాటే స్వాహిలీలో 'బెపారి' అయింది. అయితే న్యెరేరే నాటికి దానికి పెట్టుబడిదారు అన్న అర్థం బలపడింది. ముందు చేరిన 'మ' బహువచన సూచకం. మూలంలోని ఒక్క వర్తకుడు అనువాద శీర్షికలో ఒక వర్గంగా మారాడు. అరూషా ప్రకటన వెలువడిన రెండేళ్లకు ఈ మార్పు యాదృచ్ఛికంగా జరిగిందనుకోలేము. తూర్పు ఆఫ్రికా పట్టణాల్లో వర్తకులు ఎక్కువగా భారత సంతతివారు. 1961లో జాతి ప్రాతిపదికన పౌరసత్వాన్ని నిర్ణయించరాదని గట్టిగా వాదించిన నాయకుడు ఎంచుకున్న మాటలో ఆ వర్తకుల ఛాయ ఉండటం ఇబ్బంది కలిగించే విషయమే. 1971లో అద్దె భవనాల జాతీయీకరణ వల్ల ప్రధానంగా నష్టపోయినవారూ వారే.

అనువాదకునికి శీర్షికను మార్చే స్వేచ్ఛ ఉంటుంది. రైతు జీవితాన్ని మార్చడంలో పాలకునికి అంత స్వేచ్ఛ ఉండరాదని న్యెరేరేకు తెలుసు. ఉజమా గ్రామాలు ప్రజల ఇష్టంతోనే ఏర్పడాలని ఆయన 1967లో రాశారు. 1973లో ఆయనే గ్రామ నివాసాన్ని తప్పనిసరి చేశారు. తర్వాతి మూడేళ్లలో లక్షలాది మందిని తరలించారు. కొన్నిచోట్ల పాత ఇళ్లను తగలబెట్టారు. అభిమానులు దీనిని కింది అధికారుల అత్యుత్సాహంగా చెబుతారు. ఆదేశం పైనుంచి వచ్చింది కనుక ఆ వాదన నిలవదు.

స్వాహిలీ విషయంలో విమర్శకులు కూడా ఆయనకు సంపూర్ణ విజయాన్ని కట్టబెడతారు. నూటికి పైగా భాషలున్న దేశంలో అది ఉమ్మడి భాషగా వేళ్లూనుకోవడం చిన్న విషయం కాదు. కానీ ఆయన పాలనలో ప్రాథమిక విద్య స్వాహిలీలో సాగినా, మాధ్యమిక పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమమే కొనసాగింది. 'మబెపారి' చదవగలిగిన విద్యార్థి కూడా తరగతిలో చరిత్రనూ విజ్ఞానశాస్త్రాన్నీ ఆంగ్లంలోనే నేర్చుకోవలసి వచ్చింది.