పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా హాస్యరచనలందు గ్రామ్యభాష

గ్రామ్యమును కావ్యదోషములలో నొక్కటిగా మన యాలంకారికులు లెక్కించిరి. అయినను అధమపాత్రముల యుక్తులందు అది గుణమే యగునని మమ్మటుడు కావ్యప్రకాశమున మినహాయింపు నొసగినాడు. అనగా గ్రామ్యమునకు సాహిత్యమున చోటు లేకపోలేదు. కవి ఒక గీత గీచి, ఆ గీత కావల దానికి చోటు చూపవలెను. తాను మాత్రము గీత దాటరాదు. ఈ నియమమును విని యెరుగని అమెరికా రచయితలు పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున దీనినే తు.చ. తప్పక పాటించిరి. ఉత్తరార్ధమున నొక రచయిత ఆ గీతను చెరిపివైచెను. అది ఎట్లు చెరిగినది, చెరిగిన పిదప నవ్వు ఎవరి మీదికి మరలినది అను విషయమును ఇందు పరిశీలింపదలచితిమి.

ముందుగా మూడు వస్తువులను వేరు చేసికొనవలెను. ఆంగ్లమున ‘స్లాంగ్’ అనబడునది ఒక బృందమువారు తమలో తాము కల్పించుకొని వాడుకొను పలుకుబడి. జూదరులది, గనులలో పనిచేయువారిది, నావికులది వేరువేరుగా నుండును. త్వరగా పుట్టి త్వరగా మాసిపోవును. మాండలికము ఒక సీమవారు తరతరములుగా పలుకు భాష. మూడవది భాషయే కాదు, కేవలము వర్ణక్రమదోషము. ఈ మూటిని కలగాపులగము చేసి, అన్నిటిని గ్రామ్యహాస్యమని ఒక్క పేర వ్యవహరించినచో గుణదోషవిచారము తారుమారగునని మా యభిప్రాయము.

1835లో వెలువడిన లాంగ్‌స్ట్రీట్ రచన ‘జార్జియా సీన్స్’ మొదటి దశకు మంచి యుదాహరణము. గ్రంథకర్త న్యాయవాది, న్యాయమూర్తి. తరువాత మతబోధకుడై కళాశాలాధ్యక్షుడును అయ్యెను. ఆయన కథకులు చక్కని ఆంగ్లమున కథ నారంభించి, పల్లెవాండ్ర జగడములను, గుఱ్ఱపు బేరములను వారి మాటలలోనే వినిపించి, మరల చక్కని ఆంగ్లమునకు వచ్చెదరు. విలియం పోర్టర్ 1831లో న్యూయార్కున స్థాపించిన ‘స్పిరిట్ ఆఫ్ ది టైమ్స్’ పత్రికలోని సరిహద్దు సీమల కథలు పెక్కులు ఈ అచ్చులోనివే. 1841లో ఆ పత్రికయందు వచ్చిన థోర్ప్ కథ ‘ది బిగ్ బేర్ ఆఫ్ ఆర్కన్సా’లో మిసిసిపీ నదిపై పోవు పొగయోడలో ఒక వేటగాడు ఎలుగుబంటి కథ చెప్పును; విన్న పెద్దమనిషి దానిని మనకు చేరవేయును. పెద్దమనిషి భాష చట్రము, వేటగాని భాష చిత్రము. చిత్రమే ప్రాణమైనను చట్రము లేనిదే అది చదువరి యింట అడుగు పెట్టజాలదు. చట్రమున్నందున పాఠకుడు పెద్దమనిషి ప్రక్కన కూర్చుండి నిర్భయముగా నవ్వును.

లోవెల్ కవి 1848లో ప్రకటించిన ‘బిగ్లో పేపర్స్’ ఈ పద్ధతిని తలక్రిందు చేసిన గొప్ప యత్నము. మెక్సికో యుద్ధమును, దానివలన బానిసత్వము క్రొత్త సీమలకు వ్యాపించుటను నిరసించుటకై ఆయన న్యూఇంగ్లండు రైతు హోసియా బిగ్లో నోట పద్యములు పలికించెను. చట్రము ఇందును కలదు; మతగురువగు విల్బర్ ఉపోద్ఘాతములు, టిప్పణులు కూర్చును. కాని లాటిను ముక్కలతో పొంగిపొరలు ఆ పాండిత్యమే నవ్వు పుట్టించును. రైతు మాట సూటిగా తగులును. 1867 నాటి రెండవ సంపుటి పీఠికలో లోవెల్, యాంకీల పలుకులలో పెక్కులు చెడిన రూపములు కావనియు, పూర్వాంగ్ల రచయితలు వాడిన రూపములే యనియు ఉదాహరణములతో చూపబూనెను. గ్రామ్యమని త్రోసిపుచ్చినది ప్రాచీనమని తేలుట, గిడుగు రామమూర్తి పంతులుగారి వాదములను చదివినవారికి క్రొత్త గాదు.

లోవెల్ తెరచిన త్రోవలో అందరును నడువలేదు. 1858లో క్లీవ్‌లండు ‘ప్లెయిన్ డీలర్’ పత్రికలో చార్లెస్ ఫరార్ బ్రౌన్, ఊరూర మృగములను, మైనపు బొమ్మలను ప్రదర్శించు ఆర్టిమస్ వార్డ్ అను కల్పితవ్యక్తి పేర లేఖలు వ్రాయసాగెను. హెన్రీ వీలర్ షా ‘జాష్ బిల్లింగ్స్’ అయ్యెను. డేవిడ్ రాస్ లాక్ ‘పెట్రోలియం నాస్బీ’ అయ్యెను. వీరికి ఉమ్మడి సాధనము తప్పుల వర్ణక్రమము. షా కంచరగాడిదను గూర్చి వ్రాసిన చిన్న వ్యాసము శుద్ధముగా వెలువడినపుడు ఎవరును తలయెత్తి చూడలేదట. దానినే తప్పులతడకగా మార్చి ప్రకటింపగా నలుగురును నవ్విరట.

ఈ నవ్వు ఎక్కడిది? ఆంగ్లమున ‘వజ్’ అను భూతకాలక్రియను డబ్ల్యు, ఎ, ఎస్ అను మూడక్షరములతో వ్రాయుట నియమము. డబ్ల్యు, యు, జెడ్ అని వ్రాసినను అమెరికనుల నోట ఉచ్చారణ మారదు. శాసనసభ్యుడైనను కూలివాడైనను అట్లే పలుకును. మారినది కంటికి తోచు రూపము మాత్రమే. అయినను ఆ మాట యన్నవాడు చదువురానివాడను భావము పాఠకునకు కలుగును. భాషావేత్త జార్జి ఫిలిప్ క్రాప్ 1925లో దీనికి ‘కంటి మాండలికము’ అని యర్థము వచ్చు పేరు పెట్టెను. పేరు సార్థకము. చెవికి లేని భేదమును కంటికి చూపి, పలుకువానిని తక్కువ చేయుట దీని పని. మన లిపిలో వ్రాతకును పలుకునకును అంత యెడము లేదు. ఒత్తులు తప్పించుట, శషసలను మార్చుట వంటి కొద్ది వెసులుబాటు తప్ప ఈ విద్య తెలుగున సాగదు. ఆర్టిమస్ వార్డును తెలుగు చేయబూనినవానికి చేత మిగులునది స్వల్పమే యగును.

అట్లని వార్డును పూర్తిగా త్రోసివేయరాదు. 1862 సెప్టెంబరు 22వ తేదీన లింకన్ మంత్రివర్గమును సమావేశపరచి, బానిసల విమోచనమునకు సంబంధించిన తొలి ప్రకటనను వినిపించుటకు ముందు వార్డు పుస్తకమునుండి ఒక ప్రకరణము చదివెనని కోశాధికారి ఛేస్ దినచర్యలో వ్రాసికొనెను. యుటికా నగరమున ప్రదర్శనకు పెట్టిన జూడాస్ మైనపు బొమ్మను ఆవేశపరుడొకడు క్రిందికీడ్చి చావగొట్టు కథ అది. అధ్యక్షుడు బిగ్గరగా చదువుచుండగా విన్నవారికి వర్ణక్రమము కనబడదు గదా! వారు విన్నది వార్డు కంఠమును, ఆ కంఠములోని గాంభీర్యమును మాత్రమే. వేదికలపై వార్డు ఉపన్యాసములు నవ్వు పుట్టించినదియు ఇందువలననే. కావున వర్ణక్రమము ఆ హాస్యమునకు వేషమే కాని శరీరము కాదు. నాస్బీ విషయము వేరు. బానిసత్వమును సమర్థించు మూర్ఖుని వేషము వేసి, వాని తప్పులను వాని నైతికాజ్ఞానమునకు ముద్రగా వాడినాడు లాక్. అందు పలుకువాడే లక్ష్యము, లక్ష్యము తగినదే.

వార్డుతో మైత్రి కలిగిన శామ్యూల్ క్లెమెన్స్, అనగా మార్క్ ట్వెయిన్, ఆ కంఠమునే పట్టుకొని వేషమును విడిచెను. 1865 నవంబరు 18న ‘సాటర్డే ప్రెస్’లో వెలువడిన దూకుడు కప్ప కథలో చట్రమున్నది గాని అందు చిక్కుకొన్నవాడు పెద్దమనిషి. సైమన్ వీలర్ ఆయనను ఒక మూలకు నెట్టి, కుర్చీ అడ్డము వేసికొని కూర్చుండి, చిరునవ్వైనను లేక కథ చెప్పుకొనిపోవును.

అయినను స్లాంగు విషయమున ట్వెయిన్ ప్రతిభకు పరాకాష్ఠ 1872 నాటి ‘రఫింగ్ ఇట్’లోని బక్ ఫాన్‌షా అంత్యక్రియల ఘట్టమని మేము తలచుచున్నాము. స్థలము నెవాడా వెండిగనుల పట్టణమగు వర్జీనియా సిటీ. దేశదేశములనుండి వచ్చిన సాహసికులు తమ తమ సీమల స్లాంగును వెంట తెచ్చిరి. సారాయంగడి నడుపుచు పట్టణమున ప్రముఖుడైన ఫాన్‌షా మరణించెను. అతని మిత్రుడు స్కాటీ బ్రిగ్స్, అంత్యక్రియలు జరిపింపుమని అడుగుటకు, తూర్పునుండి క్రొత్తగా వచ్చిన యువమతగురువు కడకు పోవును. స్కాటీ పేకాట మాటలలో తన దుఃఖము చెప్పుకొనును. గురువునకు ఒక్క ముక్కయు బోధపడదు. ఆయన వేదాంతవిద్యాలయపు సమాసములతో బదులు చెప్పును. స్కాటీ ఆట ఓడినవానివలె చేతులెత్తును. ఇట్లు ఎంతోసేపు గడచును.

ఇందు నవ్వబడువాడెవడు? ఒకని భాష శుద్ధము, మరొకనిది అశుద్ధము అను విభాగము ఈ గదిలో నిలువదు. గురువు భాషయు నొక వృత్తివారి స్లాంగే యని పాఠకునకు క్రమముగా తెలియవచ్చును. స్కాటీ దుఃఖము బూటకము కాదు. మిత్రుని గుణములను ఎన్నునపుడు అతని మాట ఎంత విపరీతమైనను హృదయము స్పష్టముగా కనబడును. అంతకంటె విశేషము మరొకటి కలదు. స్లాంగు త్వరగా మాసిపోవునని పైన అంటిమి. ఆనాటి పేకాట పదములు నేటి చదువరికి తెలియవు. తెలియనివాడు తానును గురువు ప్రక్కన కూర్చుండును. అర్థము కాకపోవుటయే వస్తువైన చోట మాటలు పాతబడుటవలన హాని లేదు. జార్జి ఎయిడ్ 1899లో ప్రకటించిన ‘ఫేబుల్స్ ఇన్ స్లాంగ్’లో రచయితయే చట్రము లేక స్లాంగున కథ చెప్పెను. ఆనాడు అది మిక్కిలి ప్రసిద్ధి పొందినది. నేడు పుటపుటకును నిఘంటువు కావలెను.

ఘట్టము చివర స్కాటీ ఆదివారపు బడిలో ఉపాధ్యాయుడై, బైబిలులోని జోసెఫు కథను తన స్లాంగులోనే పిల్లలకు చెప్పును. పిల్లలు నోళ్లు తెరచుకొని విందురు. అంత్యక్రియల మాట అడుగుటకే చాలదనుకొన్న భాష ఇప్పుడు ధర్మబోధకు చాలినది.

1874లో ‘అట్లాంటిక్ మంత్‌లీ’లో వచ్చిన ‘ఎ ట్రూ స్టోరీ’ హాస్యరచన కాదు. కాని చట్రము విరుగుటను అది కంటికి కట్టించును. ఒకప్పుడు బానిసయై యుండిన రేచలును, నీకు కష్టములు లేకుండుట ఎట్లు తటస్థించినదని యజమాని అడుగును. అప్పుడామె క్రింది మెట్టుపై కూర్చున్నది. సంతలో తన భర్తను, బిడ్డలను వేరువేరుగా అమ్మివేసిన కథ చెప్పుచు చెప్పుచు ఆమె లేచి నిలుచుండును. ఆమె మాటతోనే కథ ముగియును. యజమాని మరల నోరు విప్పడు.

‘హకల్‌బెరీ ఫిన్’ ఇంగ్లండున 1884లోను, అమెరికాలో 1885లోను వెలువడెను. చట్రము పూర్తిగా పోయినది. తాగుబోతు కొడుకైన బాలుడే గ్రంథమంతయు చెప్పును. గ్రంథారంభమున ట్వెయిన్ తాను ఏడు మాండలికభేదములను శ్రమపడి పాటించితినని సూచించెను. కాంకర్డు పట్టణ గ్రంథాలయమువారు 1885 మార్చిలో ఆ గ్రంథమును మోటుదని బహిష్కరించిరి. బాలుని భాషలో వర్ణక్రమపు తప్పులు మిక్కిలి తక్కువ. వాక్యనిర్మాణము, క్రియారూపములు, ఊపిరి తీయు తీరు మాత్రమే అతనిని పట్టియిచ్చును.

జిమ్ మాటల విషయమున ఇట్లనజాలము. బానిసత్వమునుండి పారిపోయిన ఆ మనిషి గ్రంథమున మిక్కిలి ఉదాత్తుడు. అయినను అతని పలుకులందు విరిచిన అక్షరములు, మింగిన వర్ణములు దట్టముగా నున్నవి. ఆ సీమలో పెరిగిన హక్ కూడ కొన్ని మాటలను అట్లే పలికి యుండును. కాని ఒకని పలుకు చదువరి కంటికి సాఫీగాను, మరొకని పలుకు ముళ్లతోను కనబడును. పెద్దమనిషి చట్రమును తీసివేసిన ట్వెయిన్, దాని చీలికనొకదానిని జిమ్ పలుకుల వర్ణక్రమమున మిగిల్చినాడు. నండూరి రామమోహనరావుగారు ఈ గ్రంథమును తెలుగు చేసిరి. ఇక ముందు దీనిని తెలుగు చేయబూనువారికిని కంటి మాండలికము అందుబాటులో నుండదు. హక్ ఏ సీమ తెలుగు మాటాడవలెను, జిమ్ అదే మాటాడవలెనా, మరొకటియా యని వారు చెవితోనే నిర్ణయింపవలసి యుండును.