స్కానింగు గదిలోని పలక

గోదావరిఖనిలో ఏ స్కానింగు కేంద్రమున కేఁగినను గోడమీఁద నొక పలక కానవచ్చును. గర్భమందున్నది ఆఁడుశిశువో మగశిశువో తెలుపుట నేరమని దాని తాత్పర్యము. 1994 నాఁటి చట్టమునుబట్టి వెలసిన యీ పలక మంచిదే. నా యాక్షేపణ దానిలో లేని మాటనుగూర్చి.

ఆ చట్టమే క్రోమోజోముల లోపములను, వంశానుగత రక్తవ్యాధులను కనుఁగొనుటకు గర్భస్థశిశు పరీక్షల ననుమతించుచున్నది. గర్భిణికి 35 ఏండ్లు దాఁటినను, రెండుమాఱులు గాని యంతకెక్కువగాఁ గాని గర్భస్రావమైనను, దంపతులలో నెవరి వంశముననైన వైకల్యమున్నను పరీక్ష చేయింపవచ్చును. పలకనుమాత్రమే చదివిన యిల్లాలు పరీక్షయన్నదే నేరమని తలఁచి మరలుచున్నది.

మా వీథిలో నొక గనికార్మికుని భార్యకు మూఁడుమాఱులు గర్భము నిలువలేదు. అత్తగారు దిష్టి యనిరి; ఇరుగుపొరుగువా రనిన మాట నిచట వ్రాయఁజాలను. మనుష్యుని కణమున క్రోమోజోములు 46 అని 1956లోఁ గాని తేలలేదు. కొందఱిలో ఒకదాని తునుక వేఱొకదాని కంటుకొనియుండును. మొత్తము సరిపోవుటచే వారికే బాధయుఁ గలుగదు. సంతానమునకుఁ బంచునపుడే లెక్క తప్పును. అపుడు గర్భము జాఱవచ్చును, లేదా శిశువు వైకల్యముతోఁ బుట్టవచ్చును. గర్భము నిలువని దంపతులలో కొలఁదిమందికే యిది కారణము. ఐనను ఆ తునుక భార్యయం దుండవచ్చును, భర్తయందును ఉండవచ్చును. కావున మొదట చూడవలసినది ఇరువురి రక్తము. గనిలో దిగుటకై వైద్యపరీక్షకుఁ దలయొగ్గు పురుషుఁడు ఇంటికొఱకు చేయి చాఁపుటకు సిగ్గుపడుట యేమి వింత!

ఇఁక సమ్మతిపత్రము. ఉమ్మనీటిని సూదితోఁ దీసి చేయు పరీక్షవలన అరుదుగా గర్భమునకే ముప్పు కలుగవచ్చును. అట్టి యపాయముల వివరించి, గర్భిణికిఁ దెలిసిన భాషలో ఆమె వ్రాతపూర్వక సమ్మతి గొని, ప్రతి నామెకే యీయవలెనని చట్టము చెప్పుచున్నది. అందు భర్త సమ్మతి యను మాట లేదు, అత్తగారి సమ్మతి యను మాట యంతకన్న లేదు. చట్టమంతటిలో నాకు మిక్కిలి నచ్చిన వాక్య మిదియే. కాని నాకంటఁబడిన యొక తెనుఁగుపత్రమున ‘గుణసూత్ర విపర్యాసము’ అని యున్నది. సంస్కృతము చదివిన నేనే తడఁబడితిని. ఆమె కిది తెలిసిన భాష యెట్లగును? క్రోమోజోమనియే వ్రాసి, దాని ప్రక్కన నాలుగు తేటమాటలు చేర్చినఁ జాలును. ఫలితము వచ్చినపిమ్మట ఏమి చేయవలెనో నిర్ణయించు భార మామెదే. బిడ్డ యెట్లున్నను పెంచుకొందు ననినను ఆమె నెవ్వరును కాదనరాదు.

ఈ పత్రమును ఆ దంపతులకు నేనే చదివి చెప్పితిని. హైదరాబాదున నిమ్సు వైద్యశాలలో ఇందుకై జన్యువైద్యశాఖ యున్నదనియుఁ దెలిపితిని. ఆమె పత్రమును మడిచి కొంగున ముడివేసికొన్నది. భర్త మాత్రము చాలసేపు మాటాడక, తుదకు, “రక్తము మొదట నాదే తీయుదురా, పంతులుగారూ?” అని యడిగెను.