ఎదురుగాలికి తోడుబలం

నైరుతి గాలి మొదలైతే తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ పరిసరాల్లో సైకిల్ తొక్కేవాళ్లకు దూరం కిలోమీటర్లలో తేలదు. ఎటు వెళ్తున్నాం, గాలి ఎటు వీస్తోంది అన్నదే లెక్క. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి కనుమల సందుల్లోంచి దూసుకొచ్చే ఆ గాలికి ఈ నల్లరేగడి మైదానంలో అడ్డనేది తక్కువ. కోవిల్‌పట్టికి దక్షిణాన కయత్తారు చుట్టూ అన్ని గాలిమరలు వెలసింది అందుకే.

గాలి లేని రోజు సమతలం మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో సైకిల్ నడపడానికి దాదాపు 100 వాట్ల శక్తి సరిపోతుంది. గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలిందా, అదే వేగానికి 200 వాట్లు దాటిపోతుంది. మామూలు మనిషి గంటసేపు అలుపు లేకుండా ఇవ్వగలిగింది 75 నుంచి 100 వాట్లు. తక్కువపడిన ఆ నూరు వాట్లను అందించడమే సైకిల్‌కు బిగించే మోటారు కిట్ పని. అంతకు మించి ఆశిస్తే బరువు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, సైకిల్ సైకిల్‌గా మిగలదు.

ఈ సీమ తెలుగువాళ్లకు కొత్త కాదు. తరాల కిందట వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడి ఊళ్లలో స్థిరపడ్డాయి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైచేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌ది తెలుగు మాట్లాడే ఇల్లు. ఆ వలస బతుకులను తమిళ నవలలుగా మలచిన ఆయనకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. యంత్రవిద్యలోనూ తమిళనాడు తెలుగువాళ్ల చెయ్యి పెద్దదే. కోయంబత్తూరులో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి 1937లో తయారుచేసిన విద్యుత్ మోటారు, దేశంలోనే పుట్టిన తొలి మోటారుగా పేరు పొందింది. తర్వాత కోయంబత్తూరు మోటార్లు పల్లెపల్లెనా బావుల దగ్గరికి చేరాయి. వాటి వెంటే కాలిపోయిన మోటారుకు మళ్లీ రాగితీగ చుట్టే వైండింగ్ షాపులూ వచ్చాయి. సైకిల్ షాపు పనితనం, వైండింగ్ షాపు పనితనం ఒక్కచోట కలిస్తేనే మంచి విద్యుత్ సైకిల్ తయారవుతుంది. కిట్టును డబ్బిచ్చి కొనవచ్చు. దాన్ని సైకిల్‌కు కుదర్చడం మాత్రం చేతిపని.

చక్రం నడుమ మోటారు పెట్టాలన్న ఆలోచన పాతదే. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ 1895లోనే దానికి పేటెంటు పొందాడు. ఇప్పుడు కిట్లలో వచ్చే 250 వాట్ల గేర్ హబ్ మోటారు బరువు రెండు మూడు కిలోలు. లోపల మోటారు వేగంగా తిరుగుతుంది, చిన్న గేర్లు ఆ వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. కరెంటు ఆపేస్తే లోపలి ఫ్రీవీల్ విడిపోయి, చక్రం మామూలుగానే తిరుగుతుంది.

మడత సైకిల్‌కు కిట్ పెట్టాలంటే, పని మొదలుపెట్టే ముందు చూడాల్సింది మోటారును కాదు, మడత కీలును. తెరిచి బిగించాక హ్యాండిల్ పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపి చూడాలి. కీలు దగ్గర కొద్దిగా కదిలినా, వెల్డింగు మీద సన్నని బీట కనిపించినా ఆ సైకిల్‌కు మోటారు పెట్టకూడదు. ఆ తర్వాత, మోటారు పెట్టేది ముందు చక్రంలో అయితే, ఫోర్కు కాళ్ల మధ్య వెడల్పు కొలవాలి. మామూలు ముందు ఫోర్కుకు అది 100 మిల్లీమీటర్లు. కొన్ని మడత సైకిళ్లకు 74 మాత్రమే ఉంటుంది, వాటికి వేరే మోటారు కావాలి. ఫోర్కును బలవంతాన వంచి ఇరికించడం ప్రమాదం.

మోటారు కొనేటప్పుడు వాట్లు ఒక్కటే అడిగితే చాలదు, నిమిషానికి ఎన్ని చుట్లో అడగాలి. 20 అంగుళాల చక్రం ఒక చుట్టుకు దాదాపు ఒకటిన్నర మీటరు పోతుంది. 26 అంగుళాలదైతే రెండు మీటర్లు దాటుతుంది. గంటకు 25 కిలోమీటర్లు వెళ్లాలంటే చిన్న చక్రం నిమిషానికి సుమారు 275 చుట్లు తిరగాలి, పెద్దదానికి 200 చాలు. పెద్ద చక్రానికి ఉద్దేశించిన మోటారును చిన్న చక్రంలో బిగిస్తే వేగం 18 దగ్గరే ఆగుతుంది. బదులుగా తోపుడు బలం పెరుగుతుంది. బరువులు మోసేవాళ్లకు అది లాభమే.

ఇక స్పోకులు. మడత సైకిల్ రిమ్ముకు చాలాసార్లు 20 లేదా 28 రంధ్రాలే ఉంటాయి. మోటారు హబ్బుకు సాధారణంగా 36. కాబట్టి కొత్త రిమ్ము వెయ్యాలి. హబ్బు లావు, రిమ్ము చిన్నది కావడంతో స్పోకులు పొట్టిగా ఉంటాయి. పెద్ద చక్రానికి అల్లినట్టు వాటిని ఎక్కువసార్లు దాటిస్తే నిప్పుల్ దగ్గర వంపు తిరిగి విరుగుతాయి. ఒక్క దాటుతో అల్లి, అన్నిటినీ ఒకే బిగువుకు తెచ్చి, బెండు తీయాలి. వేలితో మీటి శబ్దాన్ని బట్టి బిగువు చెప్పగల మెకానిక్ ఇక్కడ కిట్టుకన్నా విలువైనవాడు.

మోటారు చక్రాన్ని ముందుకు తిప్పేటప్పుడు ఇరుసు వెనక్కు తిరగబోతుంది. పది మిల్లీమీటర్ల వెడల్పున్న ఇరుసు మీద 30 న్యూటన్ మీటర్ల మెలి పడితే, గాడి అంచుల మీద ఒత్తిడి సుమారు 300 కిలోల బరువుకు సమానం. అల్యూమినియం ఫోర్కు దాన్ని ఎక్కువకాలం ఓర్చుకోలేదు. గాడి తెరుచుకుంటే ముందు చక్రం ఊడిపోతుంది. ఇరుసును పట్టి ఫోర్కు కాలికి బిగించే ఉక్కు పట్టీ తప్పనిసరి. ఉక్కు ఫోర్కు ఉంటే ఇంకా మంచిది.

కోవిల్‌పట్టి నుంచి తూర్పున ఎట్టయపురానికి సుమారు 15 కిలోమీటర్లు. తమిళుల ఆడి మాసపు గాలి వెళ్లేటప్పుడు వీపున ఉంటుంది, వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. బ్యాటరీని తిరుగు ప్రయాణం చూసి ఎంచుకోవాలి. 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 360 వాట్-అవర్లు ఉంటాయి. తొక్కుతూ నడిపితే కిలోమీటరుకు 8 నుంచి 12 ఖర్చవుతాయి, కాబట్టి రానూపోనూ సరిపోతుంది. సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని విరుదునగర్‌కు మాత్రం ఒక్క చార్జింగును నమ్మకూడదు. దారిలోని సాత్తూరులో ఆగి నింపుకోవాలి. ఈ ఎండల్లో బ్యాటరీని నీడన ఉంచాలి, సవారీ అయ్యాక చల్లారనిచ్చి చార్జింగు పెట్టాలి. సెల్స్‌ను కాపాడే బీఎంఎస్ లేని బ్యాటరీ ఎంత చవకైనా వద్దు. అగ్గిపెట్టెల పరిశ్రమలో పనిచేసే ఈ ఊళ్లవాళ్లకు నిప్పు దగ్గర జాగ్రత్త ఎంత అవసరమో బాగా తెలుసు.

వైర్లు కీలు దగ్గరే నలుగుతాయి. కట్టేముందు సైకిల్‌ను పలుమార్లు మడిచి, తెరిచి, ఎక్కడ లాగుతుందో ఎక్కడ చిక్కుతుందో చూసి కాస్త వదులు ఉంచాలి. బ్యాటరీ చేత్తో విడిపోవాలి, మడిచి మోసేటప్పుడు బరువు రెండుగా పంచుకోవచ్చు. సర్కారు తుమ్మ ముళ్లున్న ప్రాంతం కాబట్టి, పంక్చరైనప్పుడు చక్రం సులువుగా విప్పేలా మోటారు తీగకు చక్రం పక్కనే కనెక్టరు పెట్టించాలి. బ్రేకు నొక్కగానే మోటారు ఆగే లీవర్లు, కొత్త బ్రేకు దిమ్మెలు కూడా ఈ పనిలో భాగమే. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు అని నిబంధనలు పెట్టిన హద్దు. అది దాటితే మోటారు వాహనం లెక్కలోకి వస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, ఒకసారి బ్యాటరీ నింపడానికి అర యూనిట్ కూడా పట్టదు. మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లు మళ్లీ సైకిల్ ఎక్కగలరు. బ్యాటరీ అయిపోయినా పెడళ్లు ఉంటాయి. స్పోకు విరిగినా, బేరింగు అరిగినా, కంట్రోలరు పోయినా ఆ ఒక్క భాగాన్ని మార్చుకోవచ్చు. కంపెనీ సర్వీసు సెంటర్ కోసం నగరానికి పరుగెత్తక్కర్లేదు.

అందుకే ఈ పని ఐటీఐల పాఠాల్లోకి రావాలి. సైకిల్ మెకానిక్‌కు మల్టీమీటరు, వైండింగ్ మెకానిక్‌కు స్పోకు తాళం అలవాటు చేయిస్తే, విరుదునగర్‌లోనైనా మన విజయనగరంలోనైనా పాత సైకిళ్లు తుక్కుకు పోకుండా ఇంకొన్నేళ్లు రోడ్డు మీద తిరుగుతాయి. వాటిని బాగుచేసే ఇళ్లకూ ఆదాయం ఉంటుంది.