వస్తాదు ఎవరు?

మా పత్రికల్లో గెలిచినవాడల్లా జగజెట్టే. జిల్లా క్యారమ్స్ పోటీలో కప్పు కొట్టినా అదే మాట, 2022లో ఇస్తాంబుల్‌లో నిఖత్ జరీన్ ప్రపంచ బాక్సింగ్ టైటిల్ గెలిచినా అదే మాట. శీర్షికకు చోటు తక్కువ, ఆ మాటకు మోత ఎక్కువ. ఇంకేం కావాలి?

జెట్టి అంటే మల్లయుద్ధమే వృత్తిగా బతికినవాడు. మైసూరు రాజుల కొలువులో జెట్టీలుండేవారు. దసరాకు గుండు చేయించుకుని, పిడికిలికి వజ్రముష్టి తొడుక్కుని బరిలో దిగేవారు. ఎదుటివాడి తల మీద నెత్తుటి చుక్క కనబడితే ఆట ముగిసినట్టే. ఏడాది పొడవునా చేసిన సాము ఆ కొద్ది నిమిషాల్లో తేలిపోవాలి.

నాకు మాత్రం వస్తాదు అన్న మాటంటేనే మమకారం. ఉర్దూ ఉస్తాద్ మన నోట్లో పడి అలా మారింది. అక్కడ గురువు, మనకు గురువూ అతనే, బరిలో దిగే బలశాలీ అతనే. ఈ కలగలుపు ఊరికే రాలేదనుకుంటాను. కుస్తీ తాలీంలో నేర్పేవాడు గట్టున కూచుని ఈల ఊదడు. తనూ లంగోటీ బిగించి గోదాలో దిగుతాడు. కుర్రాడి మెడ మీద చెయ్యేసి పట్టు బిగిస్తాడు, విడిపించుకోమంటాడు. వాడివల్ల కాకపోతే మళ్లీ అదే పట్టు. అంతకుముందే పారతో మట్టి తవ్వి, గుల్లచేసి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి ఉంచడం కుర్రాళ్ల పని. కొత్తవాడికి కుస్తీ కంటే ముందు తవ్వకమే. నడుమూ భుజాలూ గట్టిపడేది అక్కడే.

కోడి రామ్మూర్తి నాయుడు అనగానే సర్కసులో ఏనుగును ఎదమీద ఎక్కించుకున్న ముచ్చటే చెబుతారు. విజయనగరంలో కుర్రాళ్లకు వ్యాయామం నేర్పిన సంగతి అంతగా చెప్పరు. ఆయనకు వస్తాదన్న మాట రెండర్థాల్లోనూ చెల్లుతుంది.

ఇప్పుడది వెటకారానికే మిగిలింది: ‘పెద్ద వస్తాదు బయల్దేరాడండీ!’ పహిల్వాన్ గతి మరీ అధ్వానం. హైదరాబాదులో ఆ మాట వింటే గోదా కంటే ముందు స్థలాల పంచాయితీ గుర్తొస్తుంది. ఇక ఛాంపియన్ అందామా, వచ్చే ఏడు ఓడితే మాజీ అయిపోతాడు. మాజీ వస్తాదు అని ఎవరన్నా అనగా నేను వినలేదు.

తాలీంలో పాతకాపులు బిరుదులు అడగరు, చెవులు చూస్తారు. ఎదుటివాడి తలకూ మోచేతికీ రాసుకుని రాసుకుని చెవి డొప్ప ముద్దగట్టి, మడతలు పూడిపోయి ఉంటే చాలు. ఎన్ని గెలిచావని అడక్కుండానే తగిన జోడీని చూసి గోదాలోకి దింపుతారు.